పథ్యం పడని పళ్ళెం

కాకినాడ చుట్టుపక్కల వీర్రాజు చేతి వంట తినని పెళ్ళివారు అరుదు. ఆయన భార్య భ్రమరాంబ వండింది తిన్న మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఆవిడ వండేది బాక్టీరియాకి.

"మా ఇంట్లో ఇద్దరమూ వంటవాళ్ళమేనండి," అని వీర్రాజు పెళ్ళిపందిట్లో వియ్యాలవారికి వడ్డిస్తూ చెప్పుకునేవాడు. "నేను వండితే మనుషులు లావెక్కుతారు, మా ఆవిడ వండితే పురుగులు లావెక్కుతాయి. గవర్నమెంటువారు జీతమిచ్చి మరీ మేపిస్తున్నారండి ఆయ్!" ఎగతాళిగా అన్నట్టే ఉండేది గానీ, ఊళ్ళో అందరికీ తెలుసు అది ఎగతాళి కాదని. పెళ్ళాన్ని పొగడకుండా ఆయన పులిహోర కూడా కలపలేడు.

భ్రమరాంబ సముద్రం ఒడ్డునున్న జ్వరాల పరిశోధనశాలలో పెద్ద శాస్త్రవేత్త. రోగి రక్తంలోనో కఫంలోనో నక్కిన బాక్టీరియాని బయటికి రప్పించి, పెంచి, అదేమిటో చెప్పడం ఆవిడ పని. పెంచాలంటే తిండి పెట్టాలి. సముద్రపు నాచు నుంచి తీసే అగార్, అంటే మిఠాయివాళ్ళు చైనా గ్రాస్ అనేదే, నీళ్ళలో మరగబెట్టి చిన్న చిన్న పళ్ళేల్లో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. అందులో గొర్రె రక్తం కలిపితే కొన్ని జీవులు ఇష్టంగా మొలుస్తాయి. ఆ రక్తాన్నే వేడి మీద మగ్గనిస్తే గోధుమరంగుకి తిరుగుతుంది, దాన్ని చాక్లెట్ అగార్ అంటారు. అందులో చాక్లెట్ ఉంటుందా అని పెళ్ళైన కొత్తలో వీర్రాజు అడిగితే, "మైసూరుపాకులో మైసూరుంటుందా?" అని ఆవిడ ఎదురడిగింది. మరో రకంలో పాలచక్కెరా ఒక రంగూ కలుపుతారు. ఆ చక్కెర తినే జీవి గులాబీరంగు చుక్కలుగా మొలుస్తుంది, తిననిది పాలిపోయి ఉంటుంది. ఏ పళ్ళెంలో మొలిచింది, ఎందులో మొరాయించింది, ఏ రంగు తేలింది అన్నదాన్ని బట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి.

వీర్రాజుకి ఇది ఇట్టే అర్థమైంది. "ఇందులో వింతేముందే? విస్తరి ముందు కూర్చోబెడితే ఎవడి గుణమేంటో తెలిసిపోదూ!" అన్నాడు. ఆ మాట భ్రమరాంబకి ఎంత నచ్చిందంటే, కొత్తగా చేరిన వాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు దాంతోనే మొదలుపెట్టేది.

ఆయనకో పట్టుదల ఉంది. తన వంట తాను రుచి చూడడు. వండేవాడు ఎంగిలి చేయకూడదని గురువుగారు చెప్పిన మాట. కంటితో, వాసనతో, గరిటె తిరిగే బరువుతో అంచనా కడతాడు. కానీ కొత్త వంటకమేదైనా, పెద్ద పెళ్ళికి చేసే పులుసు ఏదైనా, ముందు భ్రమరాంబ నాలుక మీద పడాల్సిందే. ఆవిడ కళ్ళు మూసుకుని, "పోపు కాస్త ముందే దించాల్సింది. ఉప్పు ఇంకో చిటికెడు పడుతుంది," అందంటే ఇక దానికి తిరుగులేదు. ఊరంతా మెచ్చుకున్నా ఆవిడ మెచ్చుకుంటే గాని ఆయనకి నిద్రపట్టదు. వాళ్ళ కాపురం సగం ఆవిడ నాలుక మీదే నడిచిందంటే అబద్ధం కాదు.

చప్పిడి జ్వరం ఆ ఏడు తొలకరితోపాటు దిగింది. ముందు రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్ళకి తగిలింది. మొదట్లో జ్వరమని ఎవరూ అనుకోలేదు. మొగుడు కూరలో ఉప్పు లేదని కంచం తోసేసేవాడు, పెళ్ళాం ఉందని అరిచేది, పక్కింటివాళ్ళు తిని ఉందని సాక్ష్యం చెప్పేవాళ్ళు. రెండు పూటలు తిరిగేసరికి ఆ మొగుడు దుప్పటి కప్పుకుని వణుకుతూ ఉండేవాడు. ఉప్పు తెలియదు, తీపి తెలియదు, అన్నం ముద్ద నోట్లో మట్టిగడ్డ. తరవాత కళ్ళు పచ్చబడేవి. తరవాత కొందరు లేచేవారు, చాలామంది లేచేవారు కాదు. ఆ పేరు జనమే పెట్టారు, డాక్టర్లు దాన్నే వాడుకున్నారు.

మందుల్ని డ్రోన్లు మోసుకొచ్చే రోజులవి. జన్యువుల్ని చదివే యంత్రం పరిశోధనశాలలో ఓ బల్ల మీద పెట్టెలా కూర్చుని ఉంటుంది. రోగి రక్తంలో దొరికిన ఆ బాక్టీరియా జన్యువుల్ని అది అక్షరం పొల్లుపోకుండా చదివి, ఇలాంటిదాన్ని నేనెప్పుడూ ఎరగను పొమ్మంది. లెక్కగట్టి పనిచేస్తాయని అది చెప్పిన మందులేవీ పనిచేయలేదు.

"జాతకం దొరికింది గానీ మనిషి దొరకలేదు," అంది భ్రమరాంబ. "మనిషిని పట్టుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాలి. అప్పుడు ఏ మందుకి చస్తుందో చూడొచ్చు."

ఆ మనిషే రాలేదు. రక్తపు అగార్ మీద మొలవలేదు, చాక్లెట్ అగార్ మీద మొలవలేదు, గులాబీరంగు పళ్ళేలు ఖాళీగా వెక్కిరించాయి. ఢిల్లీలోనూ పుణేలోనూ ఇంకా పెద్ద పెద్ద ప్రయోగశాలల్లోనూ ఇదే వరస. మనిషి ఒంట్లో చెలరేగిపోయే ఆ జీవి, పళ్ళెంలో పెట్టేసరికి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా దేన్నీ ముట్టుకోనంటుంది.

భ్రమరాంబ దగ్గర ఒక ఆయుధం ఉంది. కొన్నేళ్ళుగా ఆవిడ ఓపిగ్గా తయారుచేసుకుంటూ వచ్చింది, ఇంకా ఎవరి మీదా వాడలేదు. దానికి సజీవ పళ్ళెం అని పేరు. అరచేతిలో పట్టేంత అగార్ పళ్ళెం. దాన్ని మనిషి ముంజేతికి కడతారు. అడుగున పల్చటి పొర, పొరలోంచి వెంట్రుకకన్నా సన్నటి గొట్టాలు రక్తనాళంలోకి. మనిషి రక్తంలోని ద్రవం అగార్‌లోకి ఊరి, మళ్ళీ వెనక్కి పోతుంది. బాక్టీరియా ఆ పొర దాటలేదు. కానీ తాను పళ్ళెంలో ఉన్నానని దానికి తెలియదు, మనిషి ఒంట్లోనే ఉన్నాననుకుని మొలుస్తుంది.

"పొర బాక్టీరియాని ఆపుతుంది గానీ మేడమ్, అది విడిచే చిన్న చిన్న విషాల్ని ఆపలేదు," అంది సలోమి. భ్రమరాంబ కింద పనిచేసే డాక్టరమ్మాయి, రాజోలు పిల్ల, మొహమాటం లేని మనిషి. "నేను కట్టుకుంటానండి. మీకు బీపీ ఉంది."

"నీకింకా చాలా ఆవకాయ తినాల్సి ఉందే," అంది భ్రమరాంబ చెయ్యి చాపుతూ. "చేసినదాన్ని నేను. నేను కట్టుకోకుండా నీకు కడితే రేపు అద్దంలో మొహం ఎలా చూసుకోను? బిగించు."

సలోమి బిగించింది. సత్తెమ్మ అనే రోగి రక్తపు చుక్క పళ్ళెంలో పడింది. తాళ్ళరేవు దగ్గర రొయ్యలు ఒలిచే మనిషి, పరిశోధనశాలని ఆనుకుని ఉన్న ఆసుపత్రి వార్డులో మొదటి మంచం ఆవిడదే.

సాయంత్రం చేతికి కట్టుతో ఇంటికొచ్చిన భార్యని చూసి వీర్రాజు గుండెలు బాదుకోలేదు. ఆ మాత్రం ధైర్యం ఉన్నవాడే. నుదురు ముట్టుకుని చూశాడు, కాస్త వెచ్చగా ఉంది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు. మెత్తగా ఉడికిన అన్నం, బీరకాయ కూర, చప్పిడి పెసరకట్టు. తాతల నాటి నుంచి ఒంట్లో వేడి చేస్తే గోదారి జిల్లాల్లో పెట్టే పథ్యం అది.

"ఏవండీ, నాకు జ్వరం కాదండి, ఒట్టి పళ్ళెం కట్టుకున్నాను," అంది భ్రమరాంబ.

"జ్వరాన్ని చేతికి కట్టుకుని తిరుగుతా జ్వరం కాదంటావేంటే? నోరు మూసుకు తిను. నీ ప్రయోగం అయ్యేదాకా ఈ ఇంట్లో చింతపండు కనపడదు."

ఆయన ప్రేమకి ఎదురుచెప్పలేక ఆవిడ ఆ చప్పిడి కూడే తింది, రోజూ తింది. పళ్ళెంలో మాత్రం ఏమీ మొలవలేదు. మరో రోగి రక్తం పోసి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఏమీ లేదు. అప్పటికే వార్డులో సగం మంచాలు ఖాళీ అవుతున్నాయి, లేచి వెళ్ళినవాళ్ళ వల్ల కాదు. పరిశోధనశాల పెద్దలు ఫోన్ చేసి, మీ పళ్ళెం ఆలోచన బాగుంది గానీ ఇది సమయం కాదేమో అని మర్యాదగా అన్నారు. ఆ మర్యాదకి భ్రమరాంబ ఒళ్ళు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ వార్డులోకి వెళ్ళేసరికి సత్తెమ్మకి జ్వరం మళ్ళీ తిరగబెట్టి ఉంది. కాస్త తేరుకుంటున్న మనిషే.

"ఏం చేశావే?" అని అడిగింది భ్రమరాంబ.

"ఏం చెయ్యలేదండి డాక్టరమ్మగారండి. ఒళ్ళు తేలికపడిందని మా వదిన నిన్న పథ్యం ఇడిపించేసిందండి. చేపల పులుసు అన్నం తెచ్చిందండి. రుచి తెలీకపోయినా పులుసన్నం గదాని రెండు ముద్దలు తిన్నానండి. పొద్దున్నకల్లా ఒళ్ళు కాలిపోతందండి."

పక్క మంచం ముసలాయన అందుకున్నాడు. "నాదీ అదే కతండి. పథ్యం ఉన్నన్నాళ్ళూ ఊపిరి నిలబడిందండి, ఇడిచిన రోజే మంచం పట్టేనండి."

భ్రమరాంబ వార్డు మధ్యలో నిలబడిపోయింది. ఎంత తెలివితక్కువ పని! పళ్ళెంలో అగార్ ఏం పోశాం, రక్తం ఏం పోశాం అని చూసుకుంది గానీ, ఆ పళ్ళేనికి తిండి ఎవరి ఒంట్లోంచి వెళుతోంది? తనే మాధ్యమం. తను తిన్నదే దాని భోజనం. తనకి పథ్యం పెడితే దానికీ పథ్యమే. మొగుడు ప్రేమగా చప్పిడి కూడు పెట్టి, ఆ బాక్టీరియాని కడుపు మాడ్చి చంపాడు.

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడినుంచే ఫోన్ చేసింది.

"ఏవండీ, చింతపండు నానబెట్టండి."

"పిచ్చి పట్టిందా? ఒంట్లో వేడి పెట్టుకుని పులుసా?"

"నాకు కాదండి. దానికి."

అవతల వీర్రాజు గొంతు మారింది. పెద్ద పెళ్ళి ఒప్పుకునేటప్పుడు వచ్చే గొంతు అది. "ఏం తింటుందంట?"

"తెలీదు. మీరే అన్నారుగా, విస్తరి ముందు కూర్చోబెడితే తెలుస్తుందని. కూర్చోబెడదాం."

అలా మొదలైంది. ప్రపంచంలో ఏ ప్రయోగశాలా చేయని ప్రయోగం ఆ ఇంటి వంటింట్లో జరిగింది. సత్తెమ్మ రక్తపు చుక్క మళ్ళీ కొత్తగా వేశారు. చింతపండు పులుసు తిన్న మర్నాడు పళ్ళెంలో పొగమంచులాంటి పొర తేలింది. సలోమి భూతద్దంలో చూసి కుర్చీలోంచి లేచి ఎగిరింది. నిమ్మకాయ పులిహోరకి ఆ పొర ఎదగలేదు, మజ్జిగపులుసుకీ ఎదగలేదు. కొత్త చింతపండుకీ పాత చింతపండుకీ మాత్రం చుక్కలు చుక్కలుగా పొంగింది. చింతపండులో ఉండే పులుపు వేరు, నిమ్మలో ఉండే పులుపు వేరు. ఈ జీవి చింతపండు పులుపే తింటుంది. చింతపండు రసం కలిపి మామూలు అగార్ చేసి చూశారు, అందులో మొలవలేదు. దానికి బతికున్న మనిషి కావాలి, ఆ మనిషి పులుసు తినాలి.

"ఢిల్లీ వాళ్ళకి దొరకలేదంటే దొరకదు మరి!" అని వీర్రాజు తొడ చరిచాడు. "ఇది మన జిల్లా పురుగే. పులుసు లేకపోతే ముద్ద దిగదు దీనికి."

అక్కడితో ఆగలేదు. ఏది ఎప్పుడు వండాలో భ్రమరాంబ చెప్పేది, ఎలా వండాలో ఆయన చూసుకునేవాడు. పులుసులో బెల్లం పెంచితే చుక్కల అంచులు పసుపు తిరిగాయి, అంటే ఆ తీపిని పులియబెడుతోంది. గోంగూరలో ఇనుము ఉంటుంది, ఉల్లిపాయలో గంధకం ఉంటుంది. రెండూ కలిపి పచ్చడి చేసి తింటే ప్రతి చుక్క నడుమా కాటుక పెట్టినట్టు నల్లబడింది. నలుపు తేలిందంటే గంధకాన్ని విరగ్గొట్టే కుటుంబానికి చెందినదన్నమాట. మామూలుగా రకరకాల పళ్ళేలతో చేసే పరీక్షలన్నీ ఒకే చేతి మీద, విస్తరి మార్చి మార్చి చేశారు. సలోమి రోజూ పొద్దున్నే చెయ్యి చూసి, "నిన్న గోంగూరా మేడమ్?" అని అడిగేది. వీర్రాజు జన్మలో ఏ పెళ్ళికీ అంత శ్రద్ధగా వండలేదు. బాక్టీరియాకి వండుతున్నానని కూరగాయల బజారులో చెప్పుకుని మరీ ఏరి ఏరి కొనేవాడు.

ఓ మధ్యాహ్నం ఆవిడ పులుసన్నం రెండు ముద్దలు తిని, "ఇవాళ ఉప్పు మరిచిపోయారండి," అంది.

వీర్రాజు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆయన ఉప్పు మరిచిపోయిన రోజు లేదు. భ్రమరాంబ ఆయన మొహం చూసింది, తరవాత కంచం కేసి చూసింది. తప్పు ఎవరిదో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఆవిడ తలదించుకుని మిగతా అన్నం కలుపుకుంది. ఆయన పెరట్లోకి వెళ్ళి, చేతులు కడుక్కోవడానికి పట్టే సమయం కంటే చాలా ఎక్కువ సేపు అక్కడే ఉన్నాడు.

ఉప్పు తరవాత తీపి పోయింది. కారం మంటగా తెలిసేది గానీ రుచిగా కాదు. పులుపు ఒక్కటే మిగిలింది. సలోమి లెక్కలు వేసి, తలుపు మూసి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"రోగులకైతే ఈ విషం జ్వరంతో వచ్చి జ్వరంతో పోతుంది. జబ్బు తగ్గితే వాళ్ళ నాలుక తిరిగొస్తుంది. మీకు వారాల తరబడి చుక్క చుక్కగా ఎక్కుతోంది మేడమ్. ఇవాళ విప్పేస్తే పోయింది చాలావరకు తిరిగిరావచ్చు. అదేం తింటుందో తెలిసిపోయింది, ఏ కుటుంబమో తెలిసిపోయింది. ఇంక చాలండి."

"ఏ మందుకి చస్తుందో తెలిసిందా?" అంది భ్రమరాంబ.

సలోమి తల అడ్డంగా ఊపింది.

"నీ చేతికి మార్చితే?" అని భ్రమరాంబే మళ్ళీ అడిగింది.

"మార్చి చూశానండి, మీకు చెప్పకుండా. మనిషి మారితే చచ్చిపోతోంది. మీ ఒంటికి అలవాటు పడిపోయింది. మళ్ళీ మొదటినుంచి మొలిపించాలి. అప్పటికి వార్డులో..." అని ఆగిపోయింది.

"అప్పటికి సత్తెమ్మ ఉండదు," అని భ్రమరాంబే పూర్తిచేసింది. "మరి మందులన్నీ పరీక్ష చేసేదాకా ఉంచితే నాకేమవుతుంది?"

"ఇంకెప్పటికీ రుచి తెలియదు మేడమ్."

వీర్రాజు అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు లేచాడు. "విప్పెయ్యమ్మా సలోమీ," అన్నాడు. "విప్పెయ్. మా ఆవిడ చెయ్యాల్సింది చేసింది. మీ పెద్దల్ని ఇంకెవరినన్నా చూసుకోమను. నా వంటకి కొలత ఆ నాలుకే. అది పోతే నేనెవరికి చూపించుకోను? ఎవరికోసం వండను?"

భ్రమరాంబకి కోపం రాలేదు. ఆ మాటకి కోపం తెచ్చుకునే ఆడది కాదు. భయం మాత్రం వేసింది, నిజం చెప్పాలంటే చాలా భయం వేసింది. రేపటినుంచి ఆయన గిన్నె ముందు పెట్టి కళ్ళలోకి చూస్తే తను ఏం చెప్పాలి? అబద్ధం ఆడాలా?

"ఏవండీ," అంది మెల్లిగా. "ఊళ్ళో వందలమంది నాలుకలు చచ్చిపడున్నాయి. వాళ్ళెవరికీ మీ వంట రుచి తెలియదు. నా ఒక్కదాని నాలుక మిగుల్చుకుని ఇంట్లో కూర్చుంటే, మీరు పెళ్ళిళ్ళకి ఎవరికి వండుతారు?"

"నాకు పెళ్ళిళ్ళొద్దు."

"మీకొద్దేమో. నాకు కావాలి. వీర్రాజు పెళ్ళాం పురుగుని పెంచింది గానీ చంపడం చేతకాక మధ్యలో వదిలేసిందని నలుగురూ అనుకోవడం నాకిష్టం లేదు."

ఆయన చాలాసేపు ఆవిడ చేతికున్న కట్టు కేసి చూశాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "పులుపింకా తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"అయితే ఇవాళ రాత్రికి చింతచిగురు రొయ్యలు చేస్తాను. పురుగు సంగతి నాకు తెలీదు. ఆ వంట నీకు." అని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ వంట ఎలా ఉందో భ్రమరాంబ సలోమికి కూడా చెప్పలేదు. ఎవరడిగినా నవ్వి ఊరుకునేది. అది ఆవిడ నాలుక చూసిన ఆఖరి రుచి. అది తన సొంతం, అంతే.

ఆ తరవాత మందుల పరీక్ష మొదలైంది. మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళలు పళ్ళెంలో అక్కడక్కడా పెట్టారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ మొలక ఉండకూడదు, ఖాళీ జాగా గుండ్రంగా కనపడాలి. కొత్త మందుల బిళ్ళల మీదికి కూడా ఆ జీవి ఎక్కి కూర్చుంది. యంత్రం పనిచేస్తాయన్నవన్నీ ఓడిపోయాయి. చివరికి, డాక్టర్లు వాడడం మానేసి దశాబ్దాలైన ఒక పాత మందు చుట్టూ శుభ్రమైన గుండ్రటి జాగా కనిపించింది. సలోమి ఆ చేతిని పట్టుకుని ఏడ్చేసింది. భ్రమరాంబ ఏడవలేదు, "ఇంకోసారి చేసి చూడు, తొందరపడకు," అంది. ఇంకోసారి చేశారు. అదే వచ్చింది. అప్పుడు కట్టు విప్పారు. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ మిగిలింది, నాలుక మీద ఏమీ మిగల్లేదు.

మందు డ్రోన్ల మీద ఊరూరా వెళ్ళింది. మర్యాదగా మాట్లాడిన పెద్దలు ఈసారి ఇంకా మర్యాదగా ఫోన్ చేసి, సజీవ పళ్ళేన్ని దేశమంతా వాడతామన్నారు. భ్రమరాంబ ఒక షరతు పెట్టింది. కట్టుకునేవాళ్ళకి ఏమేం పోవచ్చో ముందే దాచకుండా చెప్పాలి, వద్దంటే బలవంతం చేయకూడదు. రాసిచ్చేదాకా పళ్ళెం గుట్టు ఇవ్వనంది. పెద్దలు గొణిగారు గానీ రాసిచ్చారు. వీర్రాజు ఆ సంగతి రైతుబజారులో, బస్టాండులో, క్షవరం కొట్లో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు.

చెప్పుకుని తిరిగాడు గానీ, ఆయన వంట మాత్రం దారి తప్పింది. వేరొకరిని రుచి చూడమనడానికి మనసొప్పలేదు. మేనల్లుడు చూస్తానంటే కసిరాడు. కంటితో, వాసనతో అంచనా కట్టేవాడు, చివర్లో ఉప్పు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. వేశానా? చాలిందా? ఎవరిని అడగాలి? భ్రమరాంబ పక్కనే ఉండేది, ఏమీ అనలేక. అలాంటప్పుడు ఆవిడకి చేసిన పనిమీద పశ్చాత్తాపం కలగలేదు గానీ గుండె మాత్రం బరువెక్కేది.

వార్డులో రోగులు లేచి కూర్చుంటున్నారని తెలిసి, పథ్యం విడిచే రోజు భోజనం తనే పెడతానని వీర్రాజు పట్టుబట్టాడు. పెద్ద పెద్ద డేగిశాలు తెచ్చి ఆసుపత్రి వెనక పొయ్యిలు పెట్టించాడు. ఆ హడావుడిలో ఎన్నిసార్లు ఉప్పు పెట్టె దగ్గరికి వెళ్ళాడో, ఎన్నిసార్లు వెనక్కొచ్చాడో ఆయనకే తెలియదు. మిట్టమధ్యాహ్నానికి వార్డులో మంచాల దగ్గరే విస్తళ్ళు వేశారు. వేడి వేడి అన్నం, ముక్కల పులుసు. మొదటి విస్తరి సత్తెమ్మది. భ్రమరాంబ, సలోమి పక్కనే నిలబడి చూస్తున్నారు. ఇన్నాళ్ళూ చప్పిడి పథ్యమే గనక నాలుక తిరిగొచ్చిందో లేదో ఎవరికీ తెలియదు, మందు జ్వరాన్ని తగ్గించిందని మాత్రమే తెలుసు.

సత్తెమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం వికారంగా పెట్టి, ముద్ద పక్కకి ఊసేసింది.

"ఓరి నాయనో! ఇదేం వంటండీ బాబూ, ఉప్పు కషాయం! నోట్లో పెట్టుకోలేకపోతన్నానండి. ఎవరండీ ఇది వండింది?"

వీర్రాజు గరిటె పట్టుకుని బిగుసుకుపోయాడు. ఆ మాట ఆయన చెవిన పడడం జన్మలో అదే మొదటిసారి.

"నిజంగా ఎక్కువైందా?" అంది భ్రమరాంబ.

"ఎక్కువేంటండీ డాక్టరమ్మగారండి! సముద్రాన్ని తెచ్చి పోసేరండి ఇందులో!"

"ఆయ్, ఎక్కువేనండి," అన్నాడు పక్క మంచం ముసలాయన మొహం చిట్లించి. ఆ వెనక ఇంకో గొంతు, దాని వెనక ఇంకోటి. ఉప్పు, ఉప్పు, ఉప్పు అని వార్డంతా గోల. నీళ్ళు తెమ్మని ఒకరు, ఈ వంటవాణ్ణి తోలెయ్యమని ఒకరు. సలోమి గోడకి చేరగిలబడి ఏడుస్తూ నవ్వుతోంది.

వీర్రాజుకి అప్పుడు అర్థమైంది. గరిటె పైకెత్తి పెళ్ళిపందిట్లో అరిచినట్టు అరిచాడు. "తిట్టండమ్మా, ఇంకా తిట్టండి! ఉప్పు తప్పు నాదేనండి! ఆ తప్పు పట్టిన నాలుకలున్నాయే, అవి మా ఆవిడ పెట్టిన భిక్షండి! ఇదుగో, ఈవిడేనండి!"

అందరూ తిరిగి భ్రమరాంబ కేసి చూశారు. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. సత్తెమ్మ పక్కన మంచం మీద కూర్చుని, ఆవిడ తోసేసిన విస్తరి తన ఒళ్ళోకి లాక్కుంది. ఆ పూట ఎవరూ రెండో ముద్ద ముట్టుకోలేదు. మొగుడి కళ్ళలోకి చూస్తూ, ఒక్క మెతుకు వదలకుండా ఆ అన్నమంతా తిన్నది భ్రమరాంబ ఒక్కతే.